ఇరవయ్యారో వారం

బ్యాగులో ముందు బొగ్గుముక్క పెట్టాను. దాని పక్కన ఇనుప మేకు, నాలుగు ఎండు మిరపకాయలు. మూడింటినీ కలిపి తెల్లగుడ్డలో మూట కట్టాను. బట్టలు ఆ తర్వాతే. మా మనవరాలు ఇషిత నలభై రోజులకు ఊరెళ్తోంది.

"ఏ ఊరు పోతాందే పిల్ల?" అన్నాడు మా ఆయన జనార్ధన్ మంచం మీద నుంచి, ఏమీ తెలియనట్టు.

"శామీర్‌పేట."

"ఓహో! నేనింక శ్రీలంక అనుకున్న. అత్వెల్లి నుంచి శామీర్‌పేట ఎంత దూరమే? మన పొలం గట్టు మీద నిలబడి గట్టిగ దగ్గితే అక్కడ ఇనొస్తది."

"నువ్వు దగ్గితే నిజామాబాద్‌ల గూడ ఇనొస్తది. జర ఆ తొక్కు సీసా అందియ్యి."

"తొక్కు సరే. బొగ్గెందుకు? షూటింగ్ కాడ ఇస్త్రీ చేస్తదా?"

"దయ్యాల సినిమా తీస్తాండ్రు. సద్దిల మటన్ ముక్కలున్నయి. గాలి సోకితే నువ్వొచ్చి దిగదీస్తవా?"

నా సంగతి మీకు ముందే చెప్పాలి. ఎవరు గడప దాటుతున్నా నాకు కాళ్లు ఒకచోట నిలవవు. పాలాయన పాలు పోసి వెళ్తున్నా "పైలం బిడ్డా" అని రెండుసార్లు అంటాను. ఇక ఇంట్లోవాళ్లు బయల్దేరారంటే నేను పెరటి గుమ్మంలోంచి బయటపడి, ఇల్లు చుట్టి, చెంబుడు నీళ్లతో వీధి వైపు నుంచి ఎదురు రావాల్సిందే. ముత్తైదువ నీళ్లతో ఎదురొస్తే పోయినవాళ్లు క్షేమంగా తిరిగొస్తారు. ఇషిత కండ్లకోయలో ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లూ రోజూ కాలేజీ బస్సుకు ఎదురొచ్చాను. డ్రైవర్ మొగులయ్య నన్ను చూస్తే హారన్ కొట్టేవాడు కాదు. స్టీరింగ్ వదిలేసి దండం పెట్టేవాడు.

ఆ పిల్ల చదివింది కంప్యూటర్లు. చేస్తున్నది దయ్యాలు. సినిమాలో అసిస్టెంట్ డైరెక్టర్. మా వాళ్లందరూ "గదేం పని" అని మూతులు తిప్పారు గానీ, నేను మాత్రం ఛాతీ ఉబ్బించి ఊరంతా చెప్పుకున్నాను. ఎందుకంటే అది చేరింది ఏదో ఒక సినిమాలో కాదు. 'గడియ' మూడో భాగంలో!

'గడియ' అంటే ఏమిటో మీకు తెలియకపోతే నాకు జాలేస్తుంది. నలభై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో 'గడియ వెయ్యని ఇల్లు' అని సీరియల్ వచ్చేది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. మా ఆయన మేడ్చల్ బస్టాండు నుంచి పత్రిక తెచ్చి, చదివి వినిపించేవాడు. చదవడం బాగానే చదివేవాడు. సరిగ్గా దయ్యం తలుపు తీసే చోట ఆపి, "గొంతు ఎండిపోతాంది, చాయ్ పెట్టు" అనేవాడు.

చాయ్ పెట్టుకుని వచ్చేసరికి నిద్రపోయేవాడు.

తలుపు అవతల ఎవరున్నారో తెలియక నేను పడిన బాధ పగవాళ్లకు కూడా వద్దు. ఆ కోపంతోనే అక్షరాలు పట్టాను. అందరూ 'అ'తో మొదలుపెడతారు, నేను గడియలోని 'గ'తో మొదలుపెట్టాను. ఆరు వారాలు తిరిగేసరికి ఆయన నిద్రలో ఉండగానే దయ్యం ఎవరో నాకు తెలిసిపోయింది. ఆ రోజు నుంచి ఆయన చాయ్ ఆయనే పెట్టుకున్నాడు.

ఇరవై అయిదు వారాల కాగితాలు కత్తిరించి, దబ్బనంతో కుట్టి, క్యాలెండర్ అట్ట వేశాను. ఆ పుస్తకాన్ని ఇన్నేళ్లలో గడప దాటనివ్వలేదు.

ఆ కథలో దయ్యం పేరు నాగరత్నం. తమ్ముడు శంకరం ఇల్లు వదిలి పోతాడు. వాడొస్తాడని ఆమె తలుపుకు గడియ వెయ్యదు. ఎదురుచూసి ఎదురుచూసి చచ్చిపోతుంది. చచ్చాక కూడా పొద్దుగూకేసరికి తలుపు తెరిచి, గడప మీద కూర్చుని, దారిన పోయేవాళ్లను "మా తమ్ముడు కనిపించాడా బాబూ?" అని అడుగుతుంది. "లేదమ్మా" అని తలెత్తితే గడప మీద ఎవరూ ఉండరు. అంతే. రక్తం లేదు, కేక లేదు. అది చదివి నేను నెలరోజులు పొద్దుగూకాక బావి దగ్గరికి పోలేదు.

సినిమా వాళ్లు మొదటి భాగంలో ఆ ప్రశ్న ఉంచారు. ఉంచి, మధ్యలో అయిదు పాటలు పెట్టారు. దయ్యం అడిగినా పాటే, అడక్కపోయినా పాటే. సరే, పోనీలే అనుకున్నాను.

రెండో భాగంలో నాగరత్నానికి మూరల కొద్దీ జుట్టు పెంచి, ఇంటి కప్పు మీద తలకిందులుగా నడిపించారు. నలభై ఒక్కమందిని చంపించారు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. నలభై ఒకటోవాడు పాపం ఆ ఇంటికి కూడా రాలేదు, ఫోన్లోనే పోయాడు. అసలు తమ్ముడనేవాడే లేడు! ఎవరికోసం తిరుగుతోందో దయ్యానికే తెలియదు. ఎదురుచూడడం తీసేస్తే దయ్యంలో ఇక మిగిలేది జుట్టే కదా.

ఆ భాగం జనానికి కూడా ఎక్కలేదు. అందుకని మూడో భాగాన్ని మూలకథ ప్రకారమే తియ్యాలని కొత్త డైరెక్టర్ వీరేందర్ పట్టుబట్టాడట. కానీ రాసినాయన ఎప్పుడో పోయాడు, పత్రిక మూతపడింది, ఆయన కూతురి దగ్గర మొదటి నాలుగు వారాలే ఉన్నాయి. పాతకాగితాల దుకాణాలన్నీ వెతుకుతున్నారట.

"అవ్వా, మొత్తం కథ లోకంల నీ ఒక్కదాని దగ్గర్నే ఉన్నది" అంది ఇషిత, నా గడ్డం పట్టుకుని. "ఆఖరుకు శంకరం వస్తడా, రాడా? గదే కావాలె మా సార్‌కు."

"వస్తడు!" అన్నాను.

మీకు మాత్రం నిజం చెప్తాను. ఆ ఆఖరిది, ఇరవయ్యారో వారం, నేను చదవలేదు. ఆ వారం పత్రిక దొరకలేదని మా ఆయన చేతులూపుకుంటూ వచ్చాడు. ఎవరినడిగినా దొరకలేదు. అప్పటి నుంచి నాలుగు దశాబ్దాలుగా అడిగిన ప్రతివాళ్లకూ "శంకరం వస్తాడు" అనే చెప్పాను. ముందు అనుమానంగా చెప్పాను. తర్వాత నమ్మకంగా చెప్పాను. చివరికి నేనే చదివినట్టు గుర్తొచ్చింది.

ఇప్పుడు సినిమాలో శంకరం రాకపోతే? వీళ్లు మళ్లీ ఎవరినో నలభైమందిని చంపి, తలుపు తెరిచే వదిలేస్తే? నేను తట్టుకోలేను. అందుకని ఒక ఉపాయం పన్నాను. ఇరవయ్యారో వారం నేనే రాస్తాను. "ఆ వారం కాగితం ఎలుకలు కొట్టాయి, కొట్టకముందే నేను నోట్‌బుక్కులో ఎత్తి రాసుకున్నాను" అని చెప్తాను.

బీరువా వెనక ఒక పాత నోట్‌బుక్ దొరికింది. మూడు మధ్యాహ్నాలు రాశాను. శంకరం దుమ్ము కొట్టుకుని వస్తాడు. నాగరత్నం అడగదు, తిట్టదు, అన్నం పెడుతుంది. వాడు చెయ్యి కడుక్కున్నాక లేచి వెళ్లి, మొదటిసారి తలుపుకు గడియ వేస్తుంది. రాసి నేనే ఏడ్చాను. తర్వాత కాగితాలు పాతగా కనబడాలని చాయ్‌లో ముంచి ఎండలో ఆరేశాను.

"చాయేదే?" అన్నాడు మా ఆయన, ఖాళీ గిన్నె చూసి.

"అయిపోయింది."

"ఇప్పుడే గదనే గిన్నెడు కాసినవ్!"

"కాగితాలు తాగినయి."

ఆయన కాగితాలను చూశాడు. నన్ను చూశాడు. ఏమీ అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ కాగితాలను పుస్తకం చివర కుట్టి, ఇషిత బ్యాగులో బొగ్గు మూట పక్కన పెట్టాను. ఎదురొచ్చాను. పిల్ల కారెక్కింది. కారు ఇంకా ఊరు దాటకముందే ఫోన్ చేశాను, చేరావా అని.

నాలుగో రోజు ఇషితే ఫోన్ చేసింది. "అవ్వా, సార్ నిన్ను తోల్కరమ్మన్నడు. కారు పంపుతున్నం."

నేను పోచంపల్లి చీర కట్టుకున్నాను. మా ఆయన సర్పంచ్ ఎన్నికకు నామినేషన్ వెయ్యబోతున్నట్టు తెల్ల ఖద్దరు వేశాడు.

"నిన్నెవరు పిలిచిండ్రు?"

"నువ్వు చేసిన ఘనకార్యం సూసొద్దమని" అన్నాడు. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది.

శామీర్‌పేట చెరువు దగ్గర ఒక పాత పెంకుటింట్లో షూటింగ్. మిట్టమధ్యాహ్నం తెల్లవారుజాము తీస్తున్నారు. వసారా చుట్టూ నల్లగుడ్డలు కట్టి, లోపల ఒక్క లాంతరు పెట్టారు. ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో దయ్యం కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతోంది.

డైరెక్టర్ వీరేందర్ ఎదురొచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. "అమ్మా! ఇరవై అయిదు వారాలు ఒక ఎత్తు, ఇరవయ్యారో వారం ఒక్కటీ ఒక ఎత్తు. సదివి ఏడ్సిన. రాసినాయన ఆఖరుకు చెయ్యి మార్చిండమ్మా, ముందు రాసిందంత దీని ముంగట దిగదుడుపే!"

పోయినాయన్ని అంత మాట అన్నందుకు నాకు కోపం రావాలి. రాలేదు. నా మెడ మూరెడు సాగింది. వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశాను. ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు.

నాకు కుర్చీ వేశారు. శంకరం ఇల్లు వదిలిపోయే సన్నివేశం తీస్తున్నారు. శంకరం వేషం వేసిన కుర్రవాడు ట్రంకు పెట్టె పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. గడప దాటాడు. వాడి ఎదురుగా నల్లగుడ్డ తప్ప ఎవరూ లేరు.

నా కాళ్లు నా మాట వినలేదు. పక్కన బల్ల మీద చెంబు ఉంది. అది పట్టుకుని, ఇల్లు చుట్టి, నల్లగుడ్డ ఎత్తి ఎదురొచ్చాను. తెల్లవారుజాము నాలుగింటికి మధ్యాహ్నం ఎండ ఫెళ్లున పడింది.

"కట్!"

"అవ్వా!" అంది ఇషిత, తల పట్టుకుని. "గది సినిమా!"

"మరిచిపోయిన బిడ్డా, ఇగ లేవ."

రెండోసారి శంకరం గడప దాటాడు. ఇషిత ముందే నా కొంగు కుర్చీకి ముడేసింది. నేను కుర్చీతో సహా ఎదురొచ్చాను. కుర్చీ కాలు పెద్ద గాలి ఫ్యానుకు తగిలింది. ఫ్యాను దయ్యం వైపు తిరిగింది. కొబ్బరిబోండాం ఒకవైపు, దయ్యం జుట్టు ఒకవైపు ఎగిరాయి. ఆ జుట్టు వసారా దాటి, బయట చెట్టు నీడన బిర్యానీ తింటున్న మా ఆయన విస్తట్లో పడింది.

"ఏందే గిది!" అని అరిచాడాయన. "బిర్యానీల ఎంటిక వస్తే ఎన్నడన్న మాట్లాడిన్నా? గిప్పుడు సవురమే వచ్చింది!"

యూనిట్ అంతా నవ్వింది. బోడితలతో దయ్యం కూడా నవ్వింది. ఒక్క వీరేందర్ నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఎందుకొస్తున్నవ్ మాటిమాటికి?"

"ఎవ్వరు ఎదురు రాకుంటె, పోయినోడు ఎట్ల తిరిగొస్తడు బిడ్డా?"

అతను కాసేపు నా చేతిలోని చెంబు వైపు చూశాడు. తర్వాత లేచి, "లైట్లు పెట్టండి. అమ్మ వస్తది. గదే తీద్దాం" అన్నాడు.

మూడోసారి శంకరం గడప దాటాడు. నేను దర్జాగా, కెమెరా ముందు, చెంబుతో ఎదురొచ్చాను. ఒకే టేకు. అందరూ చప్పట్లు కొట్టారు. గర్వంతో నాకు మోకాళ్ల నొప్పి కూడా తెలియలేదు.

అంతలో వీరేందర్ మా ఆయన వైపు తిరిగాడు. "పెద్దనాయినా, అప్పట్ల సదివి ఇనిపిచ్చింది నువ్వేనట గద? ఆఖరి వారం గిట్లనే ఉండెనా? అమ్మ రాసుకున్నదే గని, నువ్వొక మాట చెప్తే నాకు ధైర్నం. మూలకథ అని తెర మీద ఏస్తం మరి."

ఆ వారం పత్రిక రాలేదని తెలిసినవాడు లోకంలో ఆయనొక్కడే. పైగా చాయ్ పోగొట్టుకున్నవాడు. బిర్యానీ పోగొట్టుకున్నవాడు.

మా ఆయన తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. తొందరేమీ పడలేదు.

"అచ్చం గట్లనే ఉండె బిడ్డా" అన్నాడు. "శంకరం వచ్చిండు. అన్నం దిన్నడు. అక్క గడియ ఏసింది. నేను సదివిన గద, నాకు ఎర్కనే."

దారంతా నాకు నవ్వాగలేదు. జనార్ధన్ లాంటి మొండిఘటాన్ని కూడా నమ్మించాననుకున్నాను. చదివినట్టు ఆయనకు కూడా గుర్తొచ్చిందనుకున్నాను. చూశారా, నా రాత ఎంత గట్టిదో!

ఇంటికొచ్చి చెప్పులు విడవగానే ఆయన అటక మీద నుంచి పొలం పాసుపుస్తకాల రేకుడబ్బా దింపాడు. అడుగు నుంచి ఒక పత్రిక తీసి నా ఒళ్లో పెట్టాడు. మడతల దగ్గర పొడిపొడిగా రాలుతోంది.

"గిది అసలుది" అన్నాడు. "చాయ్ దాగలె."

ఇరవయ్యారో వారం. చివరి భాగం.

ఇన్నేళ్లు నేను అల్లిన అబద్ధం మొత్తం ఈ మనిషి రేకుడబ్బా మీద కూర్చుని విన్నాడు! ఊళ్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి "శంకరం వచ్చాడు" అని నేను చెప్తుంటే, పక్క మంచం మీద పడుకుని 'ఊఁ' కొట్టాడు! సినిమా వాళ్లు మూలకథ పాడుచేశారని నేను శాపనార్థాలు పెడుతుంటే తలాడించాడు! అందరికంటే ముందు మూలకథ మార్చింది నేనేనని ఈయనకు తెలుసు.

సిగ్గుతో తల దించుకుని చదివాను. చిన్న భాగమే. శంకరం రాడు. ఎందుకు రాడో కూడా రాయలేదు. ఇల్లు కూలిపోతుంది. ఒక్క తలుపు మాత్రం నిలబడి ఉంటుంది, తెరిచే ఉంటుంది. అంతే. బాగా రాశాడు. ఒప్పుకోవాలి, నాకంటే బాగా రాశాడు. కానీ నాకు నాదే ఇష్టం.

"దొరకలేదంటివి గద?"

"దొరికింది. బస్టాండుల నిలబడే సదివిన." ఆయన డబ్బా మూత పెట్టాడు. "గా వారమే నీ తమ్ముడు బొంబాయి పోయె. ఏడ్సి ఏడ్సి అన్నం ముడుతలెవ్. గసుంటప్పుడు గిది ఎట్ల ఇయ్యాలె? వాడు రాంగనే ఇద్దామనుకున్న."

"మరి ఇన్నేండ్లు..."

"వాడు రాంగనే ఇద్దామనుకున్న" అన్నాడు మళ్లీ. "ఇగ చాయ్ పెడతవా, అదీ కాగితాలకేనా?"

పెట్టాను. రెండు చెంచాలు చక్కెర ఎక్కువే వేశాను.

నలభై రోజులకు ఇషిత క్షేమంగా ఇల్లు చేరింది. వస్తూనే నన్ను గదిలోకి తీసుకెళ్లి, నా చేతిలో సన్నని కాగితం పట్టీలు పెట్టింది. ఒక్కోటి వేలెడు వెడల్పు.

"గివేందే?"

"అవ్వా, నలభై ఏండ్ల కింద రాసుకున్న అంటివి. ప్రతి పేజీ కింద ఎరువుల దుకాణపోళ్ల సెల్ నంబర్ అచ్చేసి ఉన్నది. సార్ సూడకముందే నేను కత్తెరతోని కోసిన." నా బుగ్గ గిల్లింది. "మూడో భాగం అసలు రైటర్ నువ్వే గని, ఎవ్వరికి చెప్పకు. ఉద్యోగం ఊడుతది నాది."

అంటే మా ఇంట్లో మోసపోయింది నేనొక్కదాన్నే.

సినిమా విడుదలయ్యాక మేడ్చల్‌లో మొదటాటకు వెళ్లాం. మా వీధి మొత్తం వచ్చింది. పేర్లు పడేటప్పుడు తెర నిండా పడింది: 'మూలకథ అందించినవారు: శ్రీమతి పద్మమ్మ, అత్వెల్లి.' అక్షరం ముక్క రాకుండా ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని, నా పేరును నేనే పైకి చదివాను. హాలంతా వినబడేలా చదివాను. చెంబుతో నేను కనబడిన నాలుగు సెకన్లకు మా వాళ్లు ఈలలు వేశారు. చివర శంకరం అన్నం తిన్నాక నాగరత్నం లేచి గడియ వేసినప్పుడు మాత్రం ఎవరూ ఈల వెయ్యలేదు. ముక్కులు చీదుకున్నారు. మర్నాడు టీవీలో ఒకాయన, మూలకథకు ఇంత న్యాయం చేసిన మూడో భాగాన్ని తను చూడలేదన్నాడు. చాయ్ తాగుతున్న మా ఆయనకు పొలమారింది.

జనం నన్ను ఇప్పటికీ ఆపి అడుగుతారు, పుస్తకంలో కూడా శంకరం నిజంగానే వచ్చాడా అని. వచ్చాడనే చెప్తాను.

మా తమ్ముడు పర్వతాలు 1983 ఆగస్టు 12, శుక్రవారం పొద్దున, మేడ్చల్ స్టేషన్లో బొంబాయికని మన్మాడ్ పోయే బండెక్కాడు. మళ్లీ రాలేదు.